పెట్టెలో దొరికిన మిలియన్ డాలర్ల నోటు, కోటి కోట్ల నోటు: అసలు సంగతి

ముందుగా ఒక్క మాట. నోటు మార్చిస్తానంటున్న ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపకపోతే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు రాసిన దాని సారాంశం ఇది. కరీంనగర్ దగ్గర పల్లెలో మీ పెద్దబాపు పోయాక ఆయన ఇనప్పెట్టె తెరిచారు. అందులో 1988 అని రాసి ఉన్న పది లక్షల డాలర్ల నోటు ఒకటి, జింబాబ్వే వంద ట్రిలియన్ డాలర్ల నోట్లు రెండు, వాటి కింద ఉర్దూ అక్షరాలున్న నలిగిపోయిన చిన్న నోటు ఒకటి ఉన్నాయి. ఆయన ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో పనిచేశారు. ఎవరో చెబితే వచ్చిన ఏజెంటు "డాలర్ నోటుకు 4 కోట్లు ఇప్పిస్తాను, కానీ ఆర్‌బీఐ క్లియరెన్స్‌కి ముందు రెండున్నర లక్షలు కట్టాలి" అన్నాడు. పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టి కడదామంటోంది.

నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు విదేశీ మారకం కౌంటర్లో. నోట్లు సేకరించే అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. మీలాంటి ప్రశ్నతో కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. చాలామంది అప్పటికే డబ్బు కట్టేసి వచ్చేవారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట డాలర్ నోటు సంగతి. అమెరికా ప్రభుత్వం పది లక్షల డాలర్ల నోటు ఎప్పుడూ విడుదల చేయలేదు. జనం చేతుల్లో తిరిగిన వాటిలో అతి పెద్దది పది వేల డాలర్ల నోటు. దాని మీద లింకన్ కాలంలో ఖజానా మంత్రిగా పనిచేసిన సాల్మన్ చేజ్ బొమ్మ ఉంటుంది. దాని కింద అయిదు వేలు, వెయ్యి, అయిదు వందల డాలర్ల నోట్లు ఉండేవి. ఇవన్నీ చివరిసారి అచ్చయింది 1945లో. వాడకం తగ్గిపోయిందని 1969 జూలైలో పంపిణీ ఆపేశారు. ఈ నోట్లు నేటికీ చెల్లుతాయి. కానీ సేకరించేవాళ్లు ముఖవిలువకంటే చాలా ఎక్కువ ఇస్తారు కాబట్టి వాటిని దుకాణంలో ఎవరూ ఖర్చు పెట్టరు.

వీటన్నిటికీ పైన ఇంకొకటి ఉంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ బొమ్మతో లక్ష డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్. 1934 డిసెంబర్ 18 నుంచి 1935 జనవరి 9 వరకు, అంటే మూడు వారాలపాటు, 42,000 అచ్చు వేశారు. ఖజానాలో ఉన్న బంగారానికి లెక్కగా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని బ్యాంకులు) తమలో తాము ఇచ్చిపుచ్చుకోవడానికే దాన్ని వాడారు. మామూలు మనిషి చేతికి అది రాలేదు, ప్రైవేటుగా దాన్ని ఉంచుకోవడం అమెరికా చట్టం ప్రకారం తప్పు కూడా. అంటే అమెరికా అచ్చేసిన నోట్లలో అన్నిటికంటే పెద్దది మీ దగ్గరున్న కాగితంలో పదో వంతు.

మరి అంత నాణ్యంగా ఎలా ఉంది అని అడిగారు. సరైన ప్రశ్నే, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 1988లో ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మిలియనీర్స్ అనే సంస్థ జ్ఞాపికలుగా అమ్మడానికి పది లక్షల డాలర్ల కాగితాలు వేయించింది. అచ్చేసింది అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ. అది ఎన్నో దేశాలకు నిజమైన కరెన్సీ అచ్చేసిన సంస్థ. అందుకే మంచి కాగితం, సన్నని గీతలు, వేలితో తడిమితే తగిలే ఉబ్బెత్తు అచ్చు, సీరియల్ నంబరు అన్నీ ఉంటాయి. మీ నోటు 1988ది అన్నారు కాబట్టి బహుశా ఇదే. భూతద్దం తీసుకుని చిన్న అక్షరాలు చదవండి. ఇది చెల్లుబాటు డబ్బు కాదని, దీని వెనుక ఉన్న పూచీ 'అమెరికన్ డ్రీమ్' మీద నమ్మకం మాత్రమేనని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. అచ్చేసినవాళ్లు దాచలేదు. చేతులు మారేకొద్దీ ఆ చిన్న అక్షరాలు చదివేవాళ్లు లేకుండా పోయారు.

అచ్చు బాగుంది కాబట్టి నోటు నిజమైనదే అన్న లెక్క పనికిరాదు. దొంగనోటు అంటే ఉన్న నోటుకు నకలు. మీ దగ్గరున్నదానికి అసలు నోటంటూ ఒకటి లేదు, అందుకే అమెరికాలో దాన్ని జ్ఞాపికగా అమ్మితే దొంగనోట్ల కేసు కాదు. దాన్ని డబ్బని చెప్పి ఇవ్వబోతే మాత్రం మోసమే. 2004లో జార్జియా రాష్ట్రంలో ఒకావిడ సూపర్ మార్కెట్‌లో 1,600 డాలర్లకు పైగా సామాన్లు కొని, పది లక్షల డాలర్ల కాగితం ఇచ్చి మిగతా చిల్లర అడిగింది. పోలీసులు అరెస్టు చేశారు.

లోకంలో పది లక్షల విలువైన నిజమైన నోటే లేదా అంటే ఉంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో కొన్ని వాణిజ్య బ్యాంకులు తమ పేరుతోనే నోట్లు ఇస్తాయి. వాటికి పూచీగా చాలా మొత్తాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర ఉంచాలి. లెక్క సులువుగా ఉండటానికి పది లక్షల పౌండ్ల నోటు, పది కోట్ల పౌండ్ల నోటు తయారు చేశారు. మొదటిదాన్ని జెయింట్ అని, రెండోదాన్ని టైటన్ అని అంటారు. టైటన్ మన ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితమంత ఉంటుంది. అవి భద్రంగా బ్యాంకు లోపలే ఉంటాయి, బయటికి రావు. లక్ష డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్ కూడా ఈ జాతిదే. బలంగా ఉన్న కరెన్సీలో మరీ పెద్ద నోటు కనిపిస్తే అది బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య లెక్క కాగితం అయి ఉంటుంది.

ఇంకో రకం పెద్ద నోట్లు ఉన్నాయి. అవి జనం చేతుల్లోనే తిరిగాయి, గుట్టలుగా తిరిగాయి. మీ జింబాబ్వే నోట్లు ఆ రకం. వీటి గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇవి బొమ్మ నోట్లు కావు.

వంద ట్రిలియన్ అంటే మన లెక్కలో ఎంత? ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. వంద ట్రిలియన్లంటే కోటి కోట్లు. ఒక్క నోటు మీద కోటి కోట్ల డాలర్లు. 1980లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జింబాబ్వే డాలర్ విలువ అమెరికా డాలర్ కంటే ఎక్కువ. 2000 తర్వాత వ్యవసాయం కుప్పకూలింది, ఎగుమతులు పడిపోయాయి. ప్రభుత్వం ఖర్చుల కోసం నోట్లు అచ్చేస్తూ పోయింది. ధరలు పెరిగితే ఇంకా పెద్ద నోటు, దానితో ధరలు ఇంకా పెరిగితే అంతకంటే పెద్ద నోటు. 2006లో మూడు సున్నాలు కొట్టేశారు, అంటే పాత వెయ్యి డాలర్లను కొత్త ఒక్క డాలర్ చేశారు. 2008 ఆగస్టులో పది సున్నాలు కొట్టేశారు. ఆ మధ్యలో నోట్ల కాగితం పంపే జర్మన్ కంపెనీ కూడా సరఫరా ఆపేసింది. అయినా ఆగలేదు. 2008 నవంబరు మధ్యలో నెలవారీ ద్రవ్యోల్బణం 7,960 కోట్ల శాతమని ఆర్థికవేత్తల అంచనా. అంటే దాదాపు రోజుకొకసారి ధరలు రెట్టింపయ్యాయి. పొద్దున జీతం చేతికొచ్చినవాడు మర్నాడు పొద్దున కొంటే సగమే వచ్చేది. మన దగ్గర కిలో టమాటా వంద దాటితేనే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అక్కడ ఉన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ముసలివాళ్ల పొదుపు, పింఛను, పిల్లల చదువుకని దాచిన డబ్బు, అన్నీ కాగితాలైపోయాయి.

మీ దగ్గరున్న నోటు 2009 జనవరి మధ్యలో వచ్చింది. మూడు వారాలు తిరగకుండానే ఫిబ్రవరి 2న ఇంకో పన్నెండు సున్నాలు కొట్టేశారు. అప్పటికే జనం అమెరికా డాలర్లలో, దక్షిణాఫ్రికా ర్యాండ్లలో కొనుక్కుంటున్నారు. ఆ ఏడాదిలోనే సొంత కరెన్సీని వదిలేశారు. చివరికి 2015 జూన్ నుంచి సెప్టెంబర్ 30 దాకా పాత నోట్లు తెచ్చి మార్చుకోండి అని గడువిచ్చారు. బ్యాంకు ఖాతాల్లోని డబ్బుకు 350 కోటి కోట్లకు ఒక అమెరికా డాలర్ లెక్క కట్టారు. చేతిలో నోటు తెచ్చినవాళ్లకు కాస్త నయం, మీ దగ్గరున్నలాంటి ఒక నోటుకు 40 సెంట్లు ఇచ్చారు. ఆ గడువు అయిపోయింది. ఇప్పుడు ఆ నోటును ఏ బ్యాంకూ మార్చదు, జింబాబ్వేలోనూ మార్చదు.

అయినా దానికి విలువ ఉంది, సేకరణ విలువ. అసలైనది, మడత పడనిది అయితే ఇప్పుడు కొన్ని వేల రూపాయలు పలుకుతుంది. అసలు నోటు మీద ఒకదానిపై ఒకటి నిలబడ్డ రాళ్ల బొమ్మ ఉంటుంది. వెనుక విక్టోరియా జలపాతం, అడవి దున్న. వెలుతురుకు పట్టుకుంటే జింబాబ్వే పక్షి వాటర్‌మార్కు కనబడుతుంది. నోటును అటూ ఇటూ వంచితే ఒక పక్షి బొమ్మ రంగు మారుతుంది. సీరియల్ నంబరు సాధారణంగా ఏఏ అక్షరాలతో మొదలవుతుంది. బంగారు రేకు మీద అచ్చేసినవి, కోటి కోట్లకంటే ఇంకా పెద్ద అంకెలున్న జింబాబ్వే 'బాండ్లు' కూడా అమ్ముతున్నారు. జింబాబ్వే రిజర్వ్ బ్యాంకు విడుదల చేసిన నోట్లలో అతి పెద్దది ఈ వంద ట్రిలియనే. దానికి మించిన అంకె కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు.

కోటి కోట్లే లోకంలో పెద్దదనుకోకండి. హంగరీలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంతకంటే ఘోరం జరిగింది. 1946 జూలైలో అక్కడ ధరలు పదిహేను గంటలకొకసారి రెట్టింపయ్యాయి. జనంలోకి వచ్చిన అతి పెద్ద నోటు విలువ ఒకటి పక్కన ఇరవై సున్నాలు, అప్పటి హంగరీ కరెన్సీ పెంగోలలో. మన లెక్కలో పది లక్షల కోటి కోట్లు. దానికి పదింతల నోటు, అంటే సరిగ్గా కోటి కోటి కోట్లది, అచ్చు కూడా అయింది కానీ బయటికి వదల్లేదు. ఆగస్టు 1న కొత్త కరెన్సీ ఫోరింట్ వచ్చింది. ఒక ఫోరింట్‌కు ఎన్ని పెంగోలంటే నాలుగు పక్కన 29 సున్నాలు. నలభై కోటి కోటి కోటి కోట్లు అని పలకాలి. పాత నోట్లను వీధుల్లో చీపురుతో ఊడ్చేస్తున్న ఫోటోలు నేటికీ ఉన్నాయి. జర్మనీ 1923లో, గ్రీసు 1944లో, యుగోస్లావియా 1993లో ఇదే దారిలో నడిచాయి.

మీ పెద్దమ్మకు ఈ మాట చెప్పండి. ఒక దేశం నోటు మీద సున్నాలు పెరుగుతున్నాయంటే ఆ డబ్బు చచ్చిపోతోందని అర్థం. అంకె చూసి మనకు ఆశ కలుగుతుంది. ఆ నోటు తిరిగిన ఊళ్లో మాత్రం దాన్ని చూసి ఏడ్చారు.

మన దేశం సంగతికి వద్దాం, ఎందుకంటే వాట్సాప్‌లో లక్ష రూపాయల నోటు ఫోటోలు తిరుగుతుంటాయి. రిజర్వ్ బ్యాంకు చట్టం 24వ సెక్షన్ ప్రకారం పది వేల రూపాయలకు మించిన నోటు వేయడానికి వీల్లేదు. పది వేల నోటు నిజంగానే ఉండేది. 1938లో వచ్చింది, 1946 జనవరిలో రద్దయింది. మళ్లీ 1954లో వెయ్యి, అయిదు వేల నోట్లతోపాటు వచ్చింది, 1978 జనవరిలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం మూడింటినీ రద్దు చేసింది. 2016 నవంబర్‌లో వచ్చిన రెండు వేల నోటును 2023 మేలో వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. లక్ష రూపాయల నోటు రావాలంటే ముందుగా పార్లమెంటు ఆ చట్టాన్ని మార్చాలి.

ఆ పెట్టెలో 2016లో రద్దయిన పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు కూడా ఉన్నాయేమో చూడండి. వాటిని పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం తప్పు. అధ్యయనం కోసం, నాణేలు, నోట్ల సేకరణ కోసం అయితే 25 దాకా ఉంచుకోవచ్చు. పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో ఇది ఎవరూ పట్టించుకోరు.

ఇక ఏజెంటు చెప్పిన 'ఆర్‌బీఐ క్లియరెన్స్'. అలాంటిది లేదు. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లు అమ్మకాలతో తమకు సంబంధం లేదని, వాటికోసం ఎలాంటి ఫీజూ కమిషనూ తీసుకోమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది. తన పేరు, లోగో పెట్టి మోసం చేస్తున్నారని కూడా హెచ్చరించింది. ఆ ఏజెంటు మీకు లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపు ఉన్న కాగితం చూపిస్తాడు. ఆ తర్వాత జీఎస్టీ అంటాడు, ఇన్‌కం ట్యాక్స్ అంటాడు, కొనే పార్టీ ముంబయి నుంచి ఫ్లైట్ ఎక్కారంటాడు. ప్రతి మెట్టు దగ్గరా కొంత కట్టమంటాడు. ఒకసారి కట్టినవాళ్లు ఆ డబ్బు పోతుందేమోనన్న భయంతో రెండోసారి కడతారు. వాళ్ల వ్యాపారం నడిచేది ఆ భయం మీదే.

నేను మర్చిపోలేని ఒక మనిషి ఉన్నాడు. అరవై దాటిన రైతు. అర ఎకరం అమ్మి, టర్కీ పాత లిరా నోట్లు ఒక కవర్ నిండా కొన్నాడు. ఒక్కో నోటు మీద లక్షల్లో అంకె. "ఇవి మార్చిస్తే కూతురి పెళ్లి చేస్తాను సార్" అన్నాడు. టర్కీ 2005లోనే ఆరు సున్నాలు కొట్టేసి కొత్త లిరా తెచ్చింది. పాత నోట్లలో చివరి విడతను మార్చుకునే గడువు కూడా 2015 డిసెంబర్ 31తో అయిపోయింది. ఆయన వచ్చింది ఆ తర్వాత కొన్ని నెలలకు. నోట్లు నకిలీవి కావు, అసలైనవే. వాటిని తీసుకునే కౌంటర్ మాత్రం ప్రపంచంలో లేదు. ఆయన చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాడు. నేను టీ తెప్పించాను, తాగలేదు. నోటు అసలుదా నకిలీదా అన్న ఒక్క ప్రశ్నే అడిగితే చాలదని ఆ రోజు నాకు బాగా అర్థమైంది. దీన్ని విడుదల చేసిన బ్యాంకు ఈ రోజు తీసుకుని మారుస్తుందా అని కూడా అడగాలి.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. 'చిల్డ్రన్ బ్యాంక్' అని అచ్చేసిన ఆట నోట్లు కిరాణా కొట్లలో, జాతరల్లో అమ్ముతారు. 2017లో ఢిల్లీలో ఒక ఏటీఎం నుంచే అలాంటి రెండు వేల నోట్లు వచ్చాయి. నిజమైన నోటును పోలిన కాగితం తయారు చేయడం మన చట్టం ప్రకారం నేరమే. భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద 300 రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ జరిమానా చాలా తక్కువని నా అభిప్రాయం. చూపు తగ్గిన ముసలివాళ్లు సంతలో ఇవి తీసుకుని నష్టపోవడం నేను చూశాను. నిజమైన నోటు వెనుక భాషల పట్టీలో పదిహేను భాషలుంటాయి. కింద నుంచి రెండోది తెలుగు, దాని కింద ఉర్దూ. ఆట నోట్లలో ఆ తెలుగు సరిగా ఉండదు. చదువు వచ్చినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చూపించండి.

ఇప్పుడు చేయాల్సింది. ఏజెంటు నంబరు, వాడు పంపిన మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, డబ్బు పోకపోయినా పెట్టండి. వాడు మీ తర్వాత ఇంకో ఇంటికి వెళ్తాడు. డాలర్ కాగితాన్ని పారేయకండి, మీ పెద్దబాపు ముచ్చటపడి దాచుకున్నది. దాని మీద 'జ్ఞాపిక' అని రాసిన కవర్లో పెట్టండి, రేపు మీ పిల్లలు ఇదే అయోమయంలో పడకుండా. జింబాబ్వే నోట్లను మడవకుండా, టేప్ వేయకుండా ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టండి.

మీరు చివర్లో ఒక్క వాక్యంలో వదిలేసిన ఆ చిన్న ఉర్దూ నోటు గురించే నాకు ఆత్రంగా ఉంది. ఏజెంటు దాన్ని చూసి పక్కన పడేశాడన్నారు కదా. మీది నిజాం రాజ్యంలోని ఊరు. హైదరాబాద్ సంస్థానానికి సొంత కరెన్సీ ఉండేది, హాలీ సిక్కా. 1918 నుంచి నోట్లు కూడా వేశారు, రూపాయి నుంచి వెయ్యి దాకా. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలు లెక్క. సంస్థానం భారతదేశంలో కలిశాక కొన్నేళ్లు చెల్లి, 1959లో పూర్తిగా ఆగిపోయింది. వాటి మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాల్లో కూడా విలువ రాసి ఉంటుంది. సంవత్సరం ఫసలీ లెక్కలో, అంటే నిజాం సర్కారు వాడిన పాత క్యాలెండర్ ప్రకారం ఉంటుంది. మీ పెద్దబాపు వాళ్ల నాన్న చేతి నుంచి వచ్చి ఉండొచ్చు. దాన్ని ఇస్త్రీ చేయకండి, తుడవకండి. పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసి పెట్టండి, తెలుగు అక్షరాలు కనిపించేలా.